తలదెబ్బ మందుకి ఏ ఎలుక మోడల్? గుంటూరు, బెజవాడ ఫార్మకాలజీ విద్యార్థులకి ఒక పోలిక

గుంటూరు పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో రాత్రిపూట వచ్చే కేస్ షీట్లలో 'హెడ్ ఇంజురీ' అన్న మాట పదేపదే కనిపిస్తుంది. ఒకటి హైవే మీద హెల్మెట్ లేకుండా బండి మీంచి ఎగిరిపడ్డ కుర్రాడిది. ఇంకొకటి బాత్‌రూములో కాలు జారిన డెబ్భై ఏళ్ల మామ్మగారిది. మరొకటి గట్టు తగాదాలో కర్రదెబ్బ తిన్న రైతుది. షీటు మీద అందరికీ ఒకే పేరు. లోపల జరిగింది మాత్రం వేరు వేరు. కుర్రాడి మెదడు పుర్రెలో గిర్రున తిరిగి, నాడీకణాల సన్నని తంతువులు చాలాచోట్ల సాగి తెగిపోయాయి. మామ్మగారికి మెదడుకీ దాని పై పొరకీ మధ్య రక్తం మెల్లగా చేరుతోంది. రైతుకి దెబ్బ తగిలిన చోటే, దాని కిందే, మెదడు కమిలింది.

ఎం.ఫార్మసీ మూడో సెమిస్టర్‌లో సినాప్సిస్ (థీసిస్ ప్లాను) పట్టుకొచ్చే పిల్లలని నేను మొదట అడిగేది దీని గురించే. "నీ మందు ఈ ముగ్గురిలో ఎవరికమ్మా?" అంటే "వెయిట్ డ్రాప్ మేడమ్" అంటారు. అది మోడల్ పేరు, అంటే ఎలుకకి తలదెబ్బ తెప్పించే పద్ధతి పేరు. నేనడిగింది రోగి గురించి. మా సీనియర్ల కాలం నుంచీ ల్యాబులో ఏ పరికరం ఉంటే అదే మోడల్, ఆ మోడల్‌కి సరిపడేలా తర్వాత ఇంట్రడక్షన్ రాసుకోవడం అలవాటైపోయింది. నేనూ అలాగే మొదలుపెట్టాను, అందుకే చెబుతున్నా.

ఇంత పట్టింపు ఎందుకంటే

తలదెబ్బ విషయంలో ఎలుకల్లో పనిచేసి మనుషుల్లో బోర్లాపడ్డ మందుల జాబితా చాలా పొడుగు. మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌తో చేసిన క్రాష్ ట్రయల్‌లో 10,008 మందిని చేర్చుకున్నారు. 2004లో ఫలితం వచ్చింది. రెండు వారాల్లో మందు తీసుకున్నవాళ్లలో 21.1 శాతం చనిపోతే, తీసుకోనివాళ్లలో 17.9 శాతం చనిపోయారు. వాపు తగ్గిస్తుందని ఎన్నో ఏళ్లు ఇచ్చిన స్టెరాయిడ్ ప్రాణాలు తీస్తోందని అప్పుడు తెలిసింది. సిటికోలిన్‌ని 1,213 మందిలో పరీక్షించి, ఉపయోగం లేదని 2012లో తేల్చారు. మన మందుల షాపుల్లో దాని అమ్మకం ఆగిందా అంటే, లేదు.

అందరినీ బాగా కుంగదీసింది ప్రొజెస్టిరోన్. ఎన్నో ల్యాబుల్లో, ఎన్నో జంతు ప్రయోగాల్లో మెదడు వాపు తగ్గించింది, జ్ఞాపకశక్తిని కాపాడింది. తీరా మనుషుల్లో 882 మందితో ఒకటి, 1,195 మందితో ఇంకొకటి పెద్ద ట్రయల్స్ చేస్తే, 2014 డిసెంబర్‌లో రెండూ ఒకేసారి 'ప్రయోజనం లేదు' అని వచ్చాయి. ఎక్కడ తేడా కొట్టిందన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. డోసు సరిగా తేల్చలేదని కొందరు, ఒకే రకం గాయమున్న ఎలుకల ఫలితాన్ని అన్ని రకాల గాయాలున్న మనుషుల మీద పెట్టారని కొందరు అంటారు. నాకు రెండో మాటలో బరువు ఎక్కువ కనిపిస్తుంది.

మోడల్ పేరు రాసే ముందు తూచాల్సినవి

మొదటిది, ఎవరి గాయం అన్నది. ఇది పైన చెప్పాను.

రెండోది, దెబ్బ ప్రతిసారీ ఒకేలా పడుతుందా లేదా. ఒక ఎలుకకి గట్టిగా, ఇంకో ఎలుకకి మెల్లగా తగిలితే గ్రూపులో అంకెలు చెల్లాచెదురవుతాయి. అప్పుడు మందు నిజంగా పనిచేసినా ఆ చెదురులో కనిపించదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, పనిచేయని మందు కూడా అదృష్టం కొద్దీ పనిచేసినట్టు కనిపిస్తుంది. గ్రూపుకి ఆరు ఎలుకలే పెట్టే మన అలవాటుతో ఈ రెండూ జరుగుతాయి.

మూడోది చావులు. బలమైన దెబ్బ తగిలిన ఎలుక చాలాసార్లు ఊపిరి ఆగి అక్కడికక్కడే పోతుంది. ఐదు గ్రూపులు, గ్రూపుకి ఆరు చొప్పున 30 ఎలుకలకి అనుమతి తీసుకుని, అందులో పది పోతే మళ్లీ ఐఏఈసీ (జంతు ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీ) ముందు నిలబడాలి. చావులు ముందే అంచనా వేసి, అనుమతి దరఖాస్తు అయిన ఫారం బి నింపేటప్పుడే అదనపు ఎలుకలకి కారణం రాయాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మందు ఇవ్వని కంట్రోల్ గ్రూపులో బాగా దెబ్బతిన్నవి చచ్చి, గట్టివి మాత్రమే మిగిలితే, మీ మందు వాటితో పోటీ పడాల్సి వస్తుంది.

నాలుగోది, పుర్రె తెరవాలా వద్దా. తెరిస్తే లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి దొరుకుతుంది. రోడ్డు మీద పడ్డ మనిషికి ఆ సౌకర్యం లేదు. పైగా డ్రిల్ వేడి, అదురు కూడా మెదడుకి దెబ్బే. పుర్రె తెరిచి మూసిన షామ్ ఎలుకల్లో కూడా మెదడులో మంట (ఇన్‌ఫ్లమేషన్), నడక తేడాలు వస్తాయని 2011లో ఒక ల్యాబు గట్టిగా చూపించింది. కాబట్టి తెరిచే మోడల్ తీసుకుంటే షామ్‌తోపాటు ఏ ఆపరేషనూ చేయని మామూలు గ్రూపు కూడా ఉండాలి.

ఐదోది మందు ఇచ్చే వేళ. ఇది మోడల్‌కి సంబంధించినది కాదనుకుంటారు. కానీ ఏ మోడల్‌లో వాపు ఎప్పుడు పెరుగుతుంది, ఎలుక ఎంతసేపు బతికుంటుంది అన్నదాన్ని బట్టే ఇది కుదురుతుంది. మన జిల్లాల థీసిస్‌లలో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదీ: పద్నాలుగు రోజులు ఎక్స్‌ట్రాక్ట్ తాగించి, పదిహేనో రోజు దెబ్బ కొట్టడం. దుగ్గిరాల పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్ అయినా, సరస్వతి ఆకు అయినా ఇదే వరస. రెండు వారాల తర్వాత బండి మీంచి పడబోతున్నానని ముందే తెలిసి పసుపు తాగేవాడెవడు? బాక్సర్లకో సైనికులకో ముందు జాగ్రత్త మందు అని చెప్పుకుంటే తప్ప ఈ డిజైన్‌కి అర్థం లేదు. చిలకలూరిపేట దగ్గర పడ్డ మనిషిని అంబులెన్సులో ఎక్కించి, గుంటూరు చేర్చి, స్కాన్ తీసి, మందు మొదలుపెట్టేసరికి గంటలు గడుస్తాయి. మీ ఎలుకకి కూడా దెబ్బ తర్వాతే, కనీసం ఒక గ్రూపులోనైనా ఒకటి రెండు గంటలు ఆగి ఇవ్వండి.

చివరివి డబ్బు, సమయం. వీటి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక చూపులో

| మోడల్ | గాయం తీరు | పుర్రె తెరవాలా | దెబ్బ ఒకేలా పడుతుందా | ఖర్చు | ఏ రోగికి దగ్గర |
|---|---|---|---|---|---|
| వెయిట్ డ్రాప్ (మర్మరూ తరహా) | మెదడంతా, తంతువులు సాగడం | వద్దు, చర్మం కోస్తే చాలు | జాగ్రత్త మీద ఆధారం | చాలా తక్కువ | బండి మీంచి పడ్డవారు |
| వెయిట్ డ్రాప్ (ఫీనీ తరహా) | ఒకచోట కమలడం | తెరవాలి | ఓ మోస్తరు | తక్కువ | కర్రదెబ్బ, పుర్రె లోపలికి నొక్కుకుపోయినవారు |
| ఫ్లూయిడ్ పర్కషన్ | ఒకచోట కమలడం, మెదడంతా కూడా | తెరవాలి | చెయ్యి తిరిగితే బాగా | ఎక్కువ | కలగలుపు గాయాలు |
| కంట్రోల్డ్ కార్టికల్ ఇంపాక్ట్ | ఒకచోట లోతుగా | తెరవాలి | అన్నిటికన్నా బాగా | చాలా ఎక్కువ | కమిలిన మెదడు |
| జీబ్రాఫిష్, ఈగలు | రకరకాలు | వద్దు | ఓ మోస్తరు | తక్కువ | ఎవరికీ నేరుగా కాదు, వడపోతకి |
| కణాలు | సాగదీయడం, గీత, రసాయన దెబ్బ | వర్తించదు | బాగా | మధ్యస్థం | ఎవరికీ కాదు, మెకానిజం తెలుసుకోడానికి |

వెయిట్ డ్రాప్: ఆటోనగర్‌లో తయారయ్యే మోడల్

మన దగ్గర పదిమందిలో తొమ్మిదిమంది చివరికి దీని దగ్గరికే వస్తారు కాబట్టి ఎక్కువసేపు ఇక్కడే ఆగుతాను.

దీనిలో రెండు రకాలున్నాయి. 1981లో ఫీనీ బృందం చెప్పిన పద్ధతిలో పుర్రెకి కంత పెట్టి, మెదడు పై పొర డ్యూరా మీద ఆనించిన చిన్న బిళ్ళ మీదికి బరువు వదులుతారు. 1994లో మర్మరూ బృందం చెప్పిన పద్ధతిలో పుర్రె తెరవరు. చర్మం కోసి, పుర్రె మీద 10 మిల్లీమీటర్ల ఉక్కు బిళ్ళని డెంటల్ సిమెంటుతో అంటించి, ఎలుకని ఫోమ్ పరుపు మీద పడుకోబెట్టి, గొట్టంలోంచి 450 గ్రాముల ఇత్తడి బరువు వదులుతారు. ఎలుక తల ఫోమ్‌లోకి కిందికి ఊగుతుంది. ఆ ఊపే తంతువులని సాగదీస్తుంది. ఒక మీటరు ఎత్తు నుంచి వదిలితే ఎలుకలు చనిపోలేదు. రెండు మీటర్ల నుంచి వదిలితే 44 శాతం చనిపోయాయి. చావుకి కారణం ఊపిరి ఆగిపోవడం. దెబ్బ సమయంలో కృత్రిమ శ్వాస ఇస్తే చావులు బాగా తగ్గాయి.

పరికరానికి విదేశాల వైపు చూడక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ ఉన్న ఏ షాపులోనైనా ఇత్తడి కడ్డీని 450 గ్రాములకి తిప్పించుకోవచ్చు. గొట్టం, స్టాండు కూడా అక్కడే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు "దేనికండీ ఇది?" అని మేస్త్రీ అడిగితే 'ఎలుక తల మీద వెయ్యడానికి' అని చెప్పలేక ఏదో మోటారు విడిభాగం అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.

ఇంత తేలిక కాబట్టే దీన్ని పాడుచేయడమూ తేలిక. మా మొదటి బ్యాచ్‌లో జరిగింది చెబుతా. బరువు పడి, ఎగిరి, మళ్లీ పడింది. రెండోసారి తగిలిన దెబ్బ చిన్నదే కదా అనుకున్నాం. నడక పరీక్షలో ఒకే గ్రూపులోని ఎలుకలు ఒకటి పరుగెడుతుంటే ఒకటి పక్కకి ఒరిగి పడుతోంటే గానీ మాకు అర్థం కాలేదు. బరువుకి నైలాన్ దారం కట్టి, బిళ్ళని తాకాక అర అంగుళం కన్నా కిందికి పోకుండా ఆపడమో, దెబ్బ తగిలిన మరుక్షణం ఫోమ్‌ని ఎలుకతో సహా పక్కకి లాగెయ్యడమో చెయ్యాలి. మేం రెండూ చేస్తాం.

ఇంకో తప్పు ఎలుక బరువు దగ్గర జరుగుతుంది. అసలు పద్ధతి సుమారు 350 గ్రాముల పెద్ద ఎలుకల కోసం. మన ఎనిమల్ హౌస్‌లలో దొరికేవి 200 గ్రాముల విస్టార్ జాతి ఎలుకలు. వాటి పుర్రె పలచన. అదే 450 గ్రాముల బరువుని అదే ఎత్తు నుంచి వదిలి "మర్మరూ మోడల్" అని రాస్తే, అది పుర్రె పగిలే మోడల్ అవుతుంది. చిన్న ఎలుకలే దిక్కయితే ఎత్తు తగ్గించి, ముందు పైలట్ చేసి, ఏ ఎత్తులో పుర్రె పగలకుండా లక్షణాలు వస్తున్నాయో తేల్చుకుని, ఆ మాట థీసిస్‌లో దాచకుండా రాయండి.

గొట్టం గోడకి రాసుకుంటూ దిగితే బరువు వేగం పోతుంది. దీన్ని చూడ్డానికి ఫోన్‌లో స్లో మోషన్ చాలు. రెండు మీటర్లు అడ్డులేకుండా పడ్డ బరువు కిందికి చేరేసరికి సెకనుకి సుమారు 6.3 మీటర్ల వేగం ఉండాలి. సెకనుకి 240 ఫ్రేములతో తీస్తే చివరి 20 సెంటీమీటర్లు దాటడానికి ఎనిమిది ఫ్రేములు పడుతుంది. పది, పదకొండు పడుతోందంటే గొట్టం ఇరుకైనా అయ్యుండాలి, నిట్టనిలువుగా లేకపోయినా అయ్యుండాలి. ఫోమ్ కూడా వాడేకొద్దీ చచ్చుబడుతుంది. సోఫా షాపులో కొన్న ముక్కని మూడు బ్యాచ్‌లకి వాడి, అంకెలు మారాయేమిటని ఆశ్చర్యపోయినవాళ్లని చూశాను.

దెబ్బ సరిగా పడిందో లేదో చెప్పే కొలత ఒకటి పైసా ఖర్చు లేకుండా ఉంది. వెల్లకిలా పడుకోబెట్టిన ఎలుక తనంతట తాను పొర్లి లేచేదాకా పట్టిన సమయం. దీన్ని ప్రతి ఎలుకకీ రాసుకోండి. మందు ఇవ్వకముందే తీసుకునే కొలత కాబట్టి, అన్ని గ్రూపులకీ దెబ్బ సమానంగా తగిలిందని చూపించడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

ఫ్లూయిడ్ పర్కషన్

పుర్రెకి సుమారు 5 మిల్లీమీటర్ల కంత పెట్టి, సూది మొదల్లాంటి హబ్ అంటించి, దాన్ని సెలైన్ నింపిన గొట్టానికి కలుపుతారు. గొట్టం రెండో చివర ఉన్న పిస్టన్‌ని లోలకం కొడుతుంది. సుమారు 20 మిల్లీసెకన్ల ఒత్తిడి అల డ్యూరాని తాకుతుంది. ఎలుకల్లోకి దీన్ని 1987లో డిక్సన్ బృందం తెచ్చింది. ఒత్తిడిని అట్మాస్ఫియర్లలో రాస్తారు. సుమారుగా 1 నుంచి 1.5 వరకు తేలిక, 2 దగ్గర ఓ మోస్తరు, 2.5 దాటితే తీవ్రం.

దీని గొప్ప ఏమిటంటే ఒకచోట కమలడం, మెదడంతా తంతువులు దెబ్బతినడం రెండూ ఒకే ఎలుకలో వస్తాయి. నిజం రోగుల్లో ఉండేది కూడా ఈ కలగలుపే. తర్వాత నెలల్లో మూర్ఛలు వచ్చే ఎలుకలు కూడా ఉంటాయి కాబట్టి మూర్ఛ మందుల మీద పనిచేసేవాళ్లకి ఇదంటే ఇష్టం. చిక్కంతా చేతిలో ఉంది. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉంటే అల ఆకారం మారిపోతుంది. కంత రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగితే గాయం వేరే గాయం. నేర్పేవాళ్లు పక్కన లేకుండా ఎం.ఫార్మసీ పిల్లలు దీని జోలికి పోవద్దనే నా మాట.

కంట్రోల్డ్ కార్టికల్ ఇంపాక్ట్

మెషీన్‌కి ఎంత వేగం, ఎంత లోతు, ఎంతసేపు అని చెబితే అంతే చేస్తుంది. గాలి ఒత్తిడితోనో విద్యుదయస్కాంతంతోనో కదిలే మొన, తెరిచిన పుర్రెలోంచి మెదడుని ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి కొట్టి వెనక్కి వస్తుంది. బరువు ఎగిరి మళ్లీ పడే గొడవ లేదు. చావులు తక్కువ. వారాల తర్వాత కోసి చూస్తే గాయం గుంతలా స్పష్టంగా కనిపిస్తుంది, దాని ఘనపరిమాణం కొలవచ్చు. పత్రికల రివ్యూయర్లకి ఇది నచ్చుతుంది, నిజమే.

అయినా దీన్ని అందరూ పొగిడినంత నేను పొగడలేను. అంత శుభ్రంగా, ఒకేచోట, ఒకే లోతులో దెబ్బతిన్న మనిషి ఎక్కడున్నాడు? మెషీన్ ఇచ్చే ఖచ్చితత్వం మీ గణాంకాలకి మేలు చేస్తుంది. రోగితో పోలిక మాత్రం దానివల్ల పెరగదు. దానికయ్యే ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఎలుక తలని కదలకుండా పట్టే స్టీరియోటాక్సిక్ ఫ్రేము వేరే. కమిలిన మెదడు చుట్టూ వాపు తగ్గించే మందు, రక్తస్రావం ఆపే మందు మీ చేతిలో ఉంటే ఇదే సరైనది. తంతువులని కాపాడే మందయితే కాదు.

చేపలు, ఈగలు, కణాలు, పందులు

జీబ్రాఫిష్‌తో డజన్ల కొద్దీ పదార్థాలని తక్కువ ఖర్చుతో వడపోయవచ్చు. కానీ పెద్ద జీబ్రాఫిష్ మెదడు తనంతట తానే కొత్త నాడీకణాలని పుట్టించుకుని మానిపోతుంది. మందు లేకుండానే బాగుపడే జీవిలో మందు బాగుచేసిందని చెప్పడం కష్టం. మొదటి కొద్దిరోజుల ఫలితాలకే పరిమితం కావాలి. డ్రోసోఫిలా ఈగలని సీసాలో పెట్టి, ఆ సీసాని స్ప్రింగుతో మెత్త మీదికి కొట్టే పద్ధతి 2013లో వచ్చింది. జన్యువుల మీద పనిచేసేవాళ్లకి బంగారం, మందుల వాళ్లకి అంతగా కాదు.

కణాలతో మొదలుపెట్టడం తెలివైన పనే. సాగే పొర మీద కణాలని పెంచి, గాలి ఒత్తిడితో ఆ పొరని ఒక్కసారిగా సాగదీసే పద్ధతి 1990ల నుంచి ఉంది. అది లేకపోతే పిపెట్ మొనతో గీత గీసేవాళ్లున్నారు. మన దగ్గర ఎక్కువగా జరిగేది పుణెలోని కణాల బ్యాంకు ఎన్‌సీసీఎస్ నుంచి ఎస్‌హెచ్-ఎస్‌వై5వై కణాలు తెప్పించి హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యడం. అవి క్యాన్సర్ కణాలని మర్చిపోకండి. రెటినోయిక్ ఆమ్లంతో నాడీకణాల వైపు మళ్లించకుండా వాడి "న్యూరాన్లని కాపాడింది" అని రాయకూడదు. ఒక ప్లేటులో రక్తం లేదు, వాపుకి గట్టి పుర్రె లేదు, రక్తంలోంచి మెదడులోకి మందుని పోనివ్వకుండా ఆపే బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ లేదు. కర్క్యుమిన్ ప్లేటులో చేసే అద్భుతాలు ఎలుక నోట్లో పోస్తే ఎక్కడికి పోతాయో, దాని శోషణ ఎంత తక్కువో చదివినవాళ్లకి తెలుసు.

పందుల మాటకొస్తే, వాటి మెదడుకి మనలాగే ముడతలుంటాయి. ఎలుక మెదడు నున్నగా ఉంటుంది, బరువు రెండు గ్రాములు. మనది 1,300 గ్రాముల పైమాటే. తెల్ల పదార్థం మనలో సగానికి అటూ ఇటూ ఉంటే ఎలుకలో ఐదో వంతు కూడా ఉండదు. తంతువులు తెగే గాయానికి పందే మెరుగు. కాలేజీలో చేసే పని మాత్రం కాదు.

మీ పరిస్థితిని బట్టి

ఎం.ఫార్మసీ, చేతిలో ఎనిమిది నెలలు, గైడ్ ఇచ్చిన మొక్క. మర్మరూ తరహా వెయిట్ డ్రాప్, ఒక మీటరుకి అటూ ఇటూ ఎత్తు, గ్రూపులు ఐదు కాకుండా నాలుగు, గ్రూపుకి ఎలుకలు ఆరు కాకుండా పది. మూడు డోసుల మోజు వదులుకుని ఆ ఎలుకలని పెద్ద గ్రూపుల్లో పెట్టండి. మొదటి రెండు నెలలు మందు ముట్టుకోకుండా పరికరాన్నే సరిచెయ్యండి. గైడ్ విసుక్కుంటారు, ఓర్చుకోండి. కొలతలు రోటారాడ్ (తిరిగే కడ్డీ మీద నిలబడడం), బీమ్ వాక్ (సన్నని పట్టీ మీద నడవడం), న్యూరో స్కోరు, మెదడులో నీటి శాతం చాలు. ఎండీఏ, ఎస్ఓడీ, గ్లూటాథయోన్ అంటూ ఆక్సీకరణ నష్టం చెప్పే ఇరవై బయోకెమికల్ అంకెలు పెట్టేకన్నా దెబ్బ తర్వాత రెండు గంటలకి మందు ఇచ్చిన ఒక్క గ్రూపు ఎక్కువ చెబుతుంది.

పీహెచ్‌డీ వాళ్లకి లెక్క వేరు. మీకు మూడు నాలుగేళ్లున్నాయి. ఒక మోడల్‌లో పనిచేసింది రెండోదానిలో కూడా పనిచేయాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి నడిచిన ఆపరేషన్ బ్రెయిన్ ట్రామా థెరపీ సరిగ్గా ఇదే చేసింది. ఒకే మందుని మూడు చోట్ల, మూడు వేర్వేరు ఎలుక మోడళ్లలో పరీక్షించింది: పిట్స్‌బర్గ్‌లో కార్టికల్ ఇంపాక్ట్, మయామీలో ఫ్లూయిడ్ పర్కషన్, వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో తూటా దెబ్బలాంటి గాయం. నికోటినమైడ్, ఎరిత్రోపొయిటిన్, సైక్లోస్పోరిన్, సిమ్వాస్టాటిన్, లెవెటిరాసెటామ్‌లతో మొదలుపెట్టి 2016లో ఫలితాలు వేశారు. పేరున్న మందులు వెనకబడ్డాయి, మూర్ఛకి వాడే లెవెటిరాసెటామ్ ముందు నిలిచింది. అంత సైన్యం మీకుండదు. ఇక్కడ వెయిట్ డ్రాప్ చేసి, కార్టికల్ ఇంపాక్టర్ ఉన్న వేరే రాష్ట్రం ల్యాబులో మూడు నెలలు కూర్చుని రెండో మోడల్ చేసుకురావడం సాధ్యమయ్యే దారి. ఆ ఉత్తరాలు మొదటి ఏడాదే రాయండి. ఆడ ఎలుకలని కూడా పెట్టండి. ఎస్ట్రస్ చక్రం (ఆడ ఎలుకల హార్మోన్ల హెచ్చుతగ్గులు) గొడవని వాటిని వదిలేస్తే మామ్మగారి గురించి మాట్లాడే హక్కు మీకు ఉండదు. ఆవిడ వయసుకి దగ్గర రావాలంటే ముసలి ఎలుకలు కూడా కావాలి, అది ఇంకా ఖరీదు.

చిన్న కంపెనీలో ఉండి, కొత్త అణువు చేతిలో ఉన్నవాళ్లు కణాలతో మొదలుపెట్టి, ముందు మందు మెదడులోకి వెళుతుందా లేదా తేల్చుకోండి. 2023 మార్చిలో మన కొత్త మందుల నిబంధనలని సవరించి, కణాలు, ఆర్గనాయిడ్‌లు (ల్యాబులో పెంచిన చిన్న అవయవ ముద్దలు), చిప్‌లు (కణాలు పెంచిన చిన్న పలకలు), కంప్యూటర్ నమూనాలతో చేసిన పరీక్షలకి కూడా చోటిచ్చారు. దాన్ని పట్టుకుని జంతువులు అక్కర్లేదనుకోవడం మాత్రం తొందరపాటు. తలదెబ్బలో చంపేది వాపు, ఒత్తిడి. వాటిని చూపించే చిప్ నాకింకా కనబడలేదు.

ఏ మోడల్‌నైనా ముంచే రెండు సంగతులు

మత్తు మొదటిది. మన ల్యాబుల్లో కెటమిన్, జైలజిన్ కలిపి ఇస్తారు. తలదెబ్బలో కణాలని చంపే గ్లూటమేట్ అనే రసాయనం పనిచేసేది నాడీకణాల మీద ఉండే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ మీద. కెటమిన్ దాన్నే మూస్తుంది. అంటే మీరు మందు ఇవ్వకముందే కంట్రోల్ ఎలుకకి కూడా ఒక న్యూరోప్రొటెక్టర్ పడిపోయింది. థయోపెంటోన్‌కి దాని గొడవ దానిది, మెదడు పని మందగింపజేస్తుంది. ఐసోఫ్లురేన్ కూడా కొంత కాపాడుతుంది గానీ ఎంతసేపు ఇచ్చామన్నది మన చేతిలో ఉంటుంది, ఆపగానే ఎలుక లేస్తుంది. పొర్లి లేచే సమయం కొలవాలంటే ఇదే దారి. ఐసోఫ్లురేన్ ఇచ్చే వేపరైజర్ లేకపోతే కెటమిన్‌తోనే చెయ్యాలి, కానీ గ్లూటమేట్ మీద పనిచేసే మందుని దానితో పరీక్షించకండి. ఏ మత్తు ఇచ్చినా అన్ని గ్రూపులకీ అంతే నిమిషాలు. తర్వాత నొప్పి తెలియకుండా మందు ఇవ్వడం అనుమతి కోసం రాసే మాటగా మిగలకూడదు. నొప్పితో ముడుచుకున్న ఎలుక రోటారాడ్ ఎక్కదు, అది మెదడు లోపం అనుకుంటారు.

రెండోది వేడి. చల్లబడ్డ మెదడుకి దెబ్బ నష్టం తగ్గుతుంది, వేడెక్కితే పెరుగుతుంది. మత్తులో ఉన్న ఎలుక ఏసీ గదిలో ఇట్టే చల్లబడుతుంది. మందు ఇచ్చిన గ్రూపు పొద్దున, కంట్రోల్ సాయంత్రం చేస్తే ఆ ఒకటి రెండు డిగ్రీల తేడాయే మీ ఫలితం కావచ్చు. కింద హీటింగ్ ప్యాడ్, పురీషనాళంలో థర్మామీటర్, 37 డిగ్రీలు. ఇక ఎండాకాలం సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మన బెజవాడలో అది సామెతలా అనిపించదు. ఒక మే నెల రాత్రి మా ఎనిమల్ హౌస్‌లో కరెంటు పోయి, జనరేటర్ పట్టుకోక, తెల్లారేసరికి గది 22 డిగ్రీల నుంచి ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ బ్యాచ్ ఎలుకలు బతికాయి, అంకెలు మాత్రం ఎందుకూ పనికిరాలేదు. అప్పటి నుంచీ దెబ్బ కొట్టే పనంతా నవంబర్, ఫిబ్రవరి మధ్యలోనే పెట్టుకుంటున్నాం. ఐఏఈసీ మీటింగ్ తేదీ చూసుకుని వెనక్కి లెక్కేస్తే, దసరా లోపే ఫారం బి లోపలికి వెళ్లాలి.

ఏ ఎలుకకి మందో, ఏ ఎలుకకి సెలైనో దెబ్బ తగిలాక చీటీ తీసి నిర్ణయించండి. చీటీ తీసినవాళ్లు వేరు, న్యూరో స్కోరు వేసేవాళ్లు వేరు ఉండాలి. స్కోరు వేసేది మీ రూమ్మేట్ అయినా ఫర్వాలేదు, ఏ పంజరంలో ఏముందో తెలియకపోతే చాలు.